మంచు దాచింది, ట్రంకుపెట్టె దాచలేదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం వాళ్లు నన్ను ఎప్పుడు పిలిచినా అంటార్కిటికా గురించే చెప్పమంటారు. నేను భూవిజ్ఞాన శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో అంటార్కిటికాలో గడిపింది ఒక్క వేసవి, 1990ల నడుమ. మిగతా కాలమంతా మన కొండల్లోనే రాళ్లు కొట్టాను. అయినా అందరికీ ఆ ఒక్క వేసవే కావాలి. నేనూ ప్రతిసారీ పెంగ్విన్లు, అస్తమించని సూర్యుడు, మంచు తుఫాను అని చెప్పి చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఈసారి అవి చెప్పను. అందుకు కారణం ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి.

మొన్న ఆగస్టులో వ్యాసరచన బహుమతులు ఇవ్వడానికి ఇక్కడికి వచ్చాను. మాట్లాడటం అయ్యాక ప్రశ్నలు అడగమన్నాను. ఆ పిల్ల లేచి, "సార్, మనవాళ్లు అక్కడ కట్టిన మొదటి ఇల్లు ఇంకా ఉందా?" అంది. మంచు కింద కూరుకుపోయిందమ్మా అన్నాను. "మరి మీరు వాడిన వస్తువులేమైనా మీ దగ్గర ఉన్నాయా సార్?" అంది. నాకు నోట మాట రాలేదు. ఉండాల్సినవి ఉన్నాయి, కానీ లేవు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ మొదటి ప్రశ్నకి జవాబు చెప్పాలి.

మన దేశపు మొదటి యాత్ర 1981 డిసెంబరు 6న గోవాలో బయలుదేరింది. డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకుడు. మొత్తం ఇరవై ఒక్క మంది. 1982 జనవరి 9న అంటార్కిటికా మీద కాలు పెట్టారు. ఆ తర్వాత 1983-84 వేసవిలో మనవాళ్లు అక్కడ మొదటి స్థావరం కట్టారు, దక్షిణ గంగోత్రి. దాన్ని నేల మీద కట్టలేదు, సముద్రం మీద తేలే మందపాటి మంచు పలక మీద కట్టారు. అలాంటి చోట ఏ గోడ నిలబెట్టినా గాలి తెచ్చిన మంచు దాని చుట్టూ పేరుకుంటుంది. కరగదు. ఏటేటా పైకి లేస్తుంది, ఇల్లు కిందికి పోయినట్టవుతుంది. 1990కల్లా దాన్ని వదిలేయాల్సి వచ్చింది. అప్పటికే 1989లో షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతి నేల మీద మైత్రి సిద్ధమైంది. నేను ఉన్నది మైత్రిలోనే. అందుకే దక్షిణ గంగోత్రి లోపలిని నేను కూడా చూడలేదు.

ఇంకోళ్ల మొదటి ఇల్లు ఎలా ఉందో చెబుతాను, అప్పుడు ఆ పిల్ల ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది. ఈ ఇంటికీ నేను వెళ్లలేదు. అది మైత్రి నుంచి చూస్తే ఖండానికి అవతలి వైపు, రాస్ ద్వీపంలో కేప్ ఎవాన్స్ అనే చోట ఉంది. చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను.

1911 జనవరిలో కెప్టెన్ స్కాట్ బృందం ఇంగ్లండు నుంచి ముక్కలుగా తెచ్చిన చెక్క ఇంటిని అక్కడ బిగించింది. చలి ఆపడానికి గోడల మధ్య ఎండిన సముద్రపు నాచును సంచుల్లో కుట్టి పెట్టారు. ఇరవై ఐదు మంది ఆ చలికాలం అందులో గడిపారు. స్కాట్, మరో నలుగురు అక్కణ్ణుంచే దక్షిణ ధ్రువానికి నడిచారు. 1912 జనవరి 17న చేరేసరికి, నార్వే వాడైన అముండ్సెన్ నెల రోజులకు పైగా ముందే, డిసెంబరు 14నే వచ్చి వెళ్లాడని తెలిసింది. తిరుగు దారిలో అయిదుగురూ చనిపోయారు. ఇది మన సోషల్ పుస్తకాల్లో రెండు వాక్యాల్లో ఉండేది.

పుస్తకంలో లేనిది ఒకటుంది. స్కాట్ మనుషులు వెళ్లిపోయాక అదే ఇంట్లో ఇంకో జట్టు తలదాచుకుంది. షాకిల్టన్ ఖండాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి దాటాలనుకున్నాడు. ఆయనకు దారిలో తిండి నిల్వలు పెట్టడానికి ఇటువైపు కొందరిని పంపాడు. 1915 మేలో వాళ్ల ఓడ లంగరు తెంచుకుని మంచుతో పాటు కొట్టుకుపోయింది. పది మంది ఒడ్డున మిగిలిపోయారు. స్కాట్ వాళ్లు వదిలిన తిండి, బట్టలతో బతికారు. అయినా మాట తప్పలేదు, నిల్వలు పెట్టి వచ్చారు. ఆ పనిలో ముగ్గురు చనిపోయారు. అవతలివైపు షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ మంచులో నలిగి మునిగిపోయిందనీ, ఆయన ఆ దారిన రానే రాడనీ వీళ్లకు తెలియదు. నాకు స్కాట్ కంటే ఈ పది మందే ఎక్కువ గుర్తుంటారు.

2013లో ఆ ఇంట్లో, ఫొటోగ్రాఫర్ పాంటింగ్ వాడిన చీకటి గదిలో, ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దగా ఉన్న నెగెటివ్‌లు దొరికాయి. నిపుణులు వాటిని పొరపొరగా విడదీశారు. ఇరవై రెండు బొమ్మలు వచ్చాయి. ఈ పది మంది జట్టువే. ఓడ మీద నిలబడి ఉన్న మనిషి ముఖం దాదాపు వందేళ్ల తర్వాత వెలుతురు చూసింది.

ఇది ఊరికే దొరికింది కాదు. 1987లో న్యూజిలాండ్‌లో అంటార్కిటిక్ హెరిటేజ్ ట్రస్ట్ అని ఒక సంస్థ పెట్టారు. స్కాట్, షాకిల్టన్ ఇళ్లను కాపాడటమే వాళ్ల పని. మంచులో ఏదీ పాడవదని మనం అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఇంటి చుట్టూ, నేల కింద చేరిన మంచు వేసవిలో కొంచెం కరిగి చెక్కను తడుపుతుంది. సముద్రపు ఉప్పు డబ్బాలను తుప్పు పట్టిస్తుంది. చెక్కను తినే బూజు అక్కడ కూడా ఉంది. ఆ ట్రస్ట్ వాళ్లు మంచు తవ్వి తీశారు, పైకప్పులు బాగుచేశారు, వేల కొద్దీ వస్తువులను ఒక్కొక్కటిగా శుభ్రం చేశారు. చలికాలంలో, సూర్యుడే కనిపించని నెలల్లో, న్యూజిలాండ్ స్థావరంలో కూర్చుని చిల్లుపడ్డ సాక్సు, చిరిగిన లేబులు బాగుచేసేవాళ్లు. పని అయ్యాక ఆ వస్తువును మ్యూజియానికి పంపరు. ఏ అరలో ఉండేదో ఆ అరలోనే మళ్లీ పెడతారు.

షాకిల్టన్ ఇంటి కింద మంచులో ఇరుక్కున్న విస్కీ పెట్టెలను 2010లో బయటికి తీశారు. అందులో ఒక పెట్టెను న్యూజిలాండ్ మ్యూజియంలో నెమ్మదిగా కరిగిస్తే పదకొండు సీసాలు బయటపడ్డాయి. కొన్నింటిని స్కాట్లండ్ పంపి, లోపల ఏముందో పరీక్ష చేయించి, ఆఖరికి సీసాలను తిరిగి తెచ్చి ఆ ఇంటి కిందే పెట్టారు. మా బ్యాచ్‌లో కొందరికి ఈ విషయం చెబితే సంరక్షణ మీద ఒక్కసారిగా ఆసక్తి పెరిగింది. కేప్ అడేర్‌లో 2017లో తుప్పు పట్టిన రేకు డబ్బాలో ఫ్రూట్‌కేక్ దొరికింది. వందేళ్లు దాటినా తినొచ్చేమో అన్నట్టుంది. 

ఎండ్యూరెన్స్ ఓడ కూడా 2022 మార్చి 5న దొరికింది. వెడెల్ సముద్రంలో 3,008 మీటర్ల లోతున నిటారుగా కూర్చుని ఉంది. వెనక భాగాన పేరు చదవగలిగేంత స్పష్టంగా ఉంది. కలపను తొలిచే పురుగులు ఆ నీళ్లలో లేవు. ఎవరూ దాన్ని తాకలేదు. ఫొటోలు తీసి వదిలేశారు.

ఇక ఇక్కడొక చిక్కు ఉంది. అంటార్కిటికాను శుభ్రంగా ఉంచాలని 1991లో మాడ్రిడ్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. పాత స్థావరాలు, పాత చెత్త ఎవరిది వాళ్లు తీసుకెళ్లాలి. చారిత్రక స్థలంగా గుర్తించిన వాటికి మాత్రం మినహాయింపు. అంటే ఏది చెత్త, ఏది చరిత్ర అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. స్కాట్ బృందం పారేసిన ఖాళీ డబ్బా చరిత్ర. మేం పారేస్తే చెత్త. మేమైతే పారేయలేదు లెండి, డ్రమ్ముల్లో నింపి ఓడెక్కించేవాళ్లం.

ఆ చారిత్రక స్థలాల జాబితాలో మనవి కూడా ఉన్నాయి. 44వ నంబరు దక్షిణ గంగోత్రి దగ్గర పెట్టిన ఫలకం, దాని మీద మొదటి యాత్ర సభ్యుల పేర్లున్నాయి. 78వ నంబరు హంబోల్ట్ పర్వతాల్లో ఇండియా పాయింట్ అనే చోట ఉంది. 1990 జనవరి 8న తొమ్మిదో యాత్రలో, కొండల్లో వేసిన గుడారాల్లో జరిగిన ప్రమాదంలో నలుగురు చనిపోయారు. ముగ్గురు మా భూవిజ్ఞాన శాఖ వాళ్లే, నాలుగో ఆయన నౌకాదళం కమ్యూనికేషన్ ఉద్యోగి. మేం వెళ్లినప్పుడు గుడారంలో పడుకునే ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం. ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. వెంటిలేషన్ రంధ్రాన్ని మాత్రం ముగ్గురం మూడుసార్లు చూసేవాళ్లం.

మైత్రి వయసు కూడా అయిపోతోంది. దాని స్థానంలో కొత్త స్థావరం కట్టే ప్రణాళిక ఉంది. కట్టాలి, తప్పదు. కానీ పాతదాన్ని విప్పే రోజున, అన్నీ విప్పి ఓడెక్కించే ముందు, ఒక మనిషి పలకా పెన్సిలూ పట్టుకుని నిలబడి "ఇది వద్దు, ఇది ఉంచండి" అనాలని నా కోరిక. వంటగది గరిటె ఒకటి, వాతావరణ రిజిస్టరు ఒకటి. హైదరాబాదు ఎన్.జి.ఆర్.ఐ. వాళ్లు అక్కడ ఏళ్ల తరబడి భూకంపాలు నమోదు చేశారు. ఆ తొలినాటి పరికరం ఒకటి ఏ బడిలోనైనా కనిపిస్తే పిల్లలు దాన్ని ముట్టుకుని చూస్తారు.

ఇప్పుడు నా సంగతి. అక్కణ్ణుంచి నూట ఎనభై స్లైడ్లు తెచ్చాను. ఆఫీసు పని నోట్‌బుక్కులు ఆఫీసుకే ఇచ్చేశాను, అవి క్షేమం. కానీ రాత్రిళ్లు తెలుగులో రాసుకున్న డైరీ ఒకటుంది. రాళ్ల గురించి కాదు. వంటాయన సంక్రాంతికి అరిసెలు చేయబోయి ఏమైందో, ఎవరు ఎవరితో మూడు రోజులు మాట్లాడలేదో, అలాంటివి. స్లైడ్లు ట్రంకుపెట్టెలో పెట్టి అటక మీద వేశాను. పదేళ్ల క్రితం మనవడికి చూపిద్దామని దించితే, సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉన్నందుకు, ఒక్కో స్లైడు మీదా సాలెగూడులా బూజు అల్లుకుంది. పది పన్నెండు మిగిలాయి. డైరీని ఎవరూ ఏం చేయలేదు, నేనే చేశాను. ఇల్లు మారేటప్పుడు పాత పేపర్ల కట్టలో కలిపి కిలోల లెక్కన అమ్మేశాను. ఆ నెగెటివ్‌లు మంచులో ముద్దగా పడి వందేళ్లు ఆగాయి. నావి నా ఇంట్లో ఇరవై ఏళ్లు ఆగలేదు.

మన సంఘంలో నౌకాదళంలో చేసినవాళ్లున్నారు, సైన్యంలో చేసినవాళ్లున్నారు. ఈ జిల్లా నుంచే ఆ యాత్రలకు డ్రైవర్లుగా, మెకానిక్కులుగా, వంటవాళ్లుగా వెళ్లినవాళ్లూ ఉండొచ్చు. వాళ్ల దగ్గర ఒక మఫ్లరో, ఒక గ్రూపు ఫొటోనో ఉంటుంది. ఫొటో వెనక పేర్లు రాయించండి, వాళ్లుండగానే. ఫోన్లో గంటసేపు మాట్లాడించి రికార్డు చేయండి. లైబ్రరీ పక్క గది ఖాళీగా ఉందని హెచ్.ఎం. గారు అన్నారు.

పిల్లలకు ఇవన్నీ ఎందుకు అంటారా? 1921లో షాకిల్టన్ తన ఆఖరి యాత్రకు ఒక స్కౌట్ పిల్లవాణ్ణి తీసుకెళతానని ప్రకటిస్తే దాదాపు పదిహేడు వందల మంది దరఖాస్తు పెట్టారు. ఎంపికైనవాళ్లలో ఒకడు జేమ్స్ మార్, పద్దెనిమిదేళ్లవాడు. తర్వాత అతను సముద్ర జీవశాస్త్రవేత్త అయ్యాడు, తిమింగలాలు తినే క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి ప్రాణి మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆ న్యూజిలాండ్ ట్రస్ట్ కూడా ఇళ్లు బాగుచేసి ఊరుకోలేదు. 2015లో కొందరు యువతీ యువకులను దక్షిణ జార్జియా దీవికి తీసుకెళ్లి షాకిల్టన్ నడిచిన కొండదారి దాటించింది. 2018లో గ్రీన్‌లాండ్ మంచు మీద నడిపించింది. మన దేశం నుంచి వెళ్లాలంటే గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం ప్రకటనలు చూడాలి. సైంటిస్టులే కాదు, డాక్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వంటవాళ్లు కూడా కావాలి వాళ్లకి. ముందు ఔలీలో మంచు మీద శిక్షణ ఉంటుంది. అమ్మాయిలు వెళ్లొచ్చా అని ఆ రోజు ఇంకొకరు అడిగారు. 1983-84 లోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ వెళ్లి వచ్చారు.

చివరగా ఒకటి. దక్షిణ గంగోత్రిలో 1984లో పోస్టాఫీసు పెట్టారు, గోవా డివిజన్ కింద. తర్వాత అది మైత్రికి మారింది. అక్కణ్ణుంచి నేను మన సోషల్ మాస్టారికి ఒక కవరు పంపాను. బోర్డు మీద ప్రపంచ పటం గీసి, అడుగున ఖాళీ వదిలి, "ఇక్కడ మనవాళ్లెవరూ లేరురా" అన్న మాస్టారికి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఆయన కూతురు ఆ కవరు తెచ్చి ఇచ్చింది. ఆయన అట్లాసులో, అంటార్కిటికా పేజీలోనే ఉందట. మైత్రి ముద్ర చెక్కుచెదరలేదు.

దాన్ని ఇవాళ హెచ్.ఎం. గారికి ఇస్తున్నాను. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి ముందుకు రా అమ్మా, నువ్వే అందించు. ఒక్క మనవి: దయచేసి దాన్ని లామినేషన్ చేయించకండి. ప్లాస్టిక్ కవర్లో కూడా వద్దు, చెమ్మ పట్టేస్తుంది. మాస్టారి అట్లాసు కూడా తెచ్చాను, అందులోనే ఉంచండి.