పాఠశాలకు రెండు వాకిళ్లు
(పఠనాలయమున జరిగిన సభలో చదివిన ఉపన్యాసము)



పాఠశాలలోని రెండు శాఖలను గూర్చి ఈ సాయంకాలము ముచ్చటింప దలచితిమి. ఒకటి భాష, గణితము, శాస్త్రము నేర్పి విద్యార్థిని కళాశాలకు సాగనంపునది. రెండవది ఉలియో మగ్గమో నాగలియో జమాఖర్చుల పుస్తకమో చేతికిచ్చి జీవనోపాధి చూపునది. ఈ రెండును ఒక కప్పు క్రింద నుండదగునా, వేఱువేఱుగా నుండదగునా యను వివాదము నూఱేండ్లకు పైబడినది. మా మనవి యేమనగా, పాఠశాలకు రెండు వాకిళ్లుండుట దోషము కాదు; ఒక వాకిట ప్రవేశించినవాడు రెండవ వైపునకు రాకుండ నడుమ గోడ కట్టుట దోషము. ఆ గోడకు వెల పత్తియు మిరపయు పండించు మన మైదానము చెల్లించుచున్నది.

అమెరికా ముచ్చట ముందు చెప్పెదము. ఈ సీమకు ఇంగ్లీషు చదువు తెచ్చినవారిలో ఆ దేశపు మిషనరీలు ముఖ్యులు. 1842లో హైయరు దొర గుంటూరున అడుగిడెను. 1866లో క్లౌ దొర ఒంగోలు చేరెను. వారి వెనుక వచ్చినవారు పెట్టిన బడులలో మన తాతలనేకులు చదివిరి. అయితే 20వ శతాబ్ది నడుమ నాటికి ఆ దొరల స్వదేశమున ఎదిగిన హైస్కూలు మఱియొక రీతిది. ఒకే భవనమున ఒకవైపు బీజగణితము, లాటిను భాష. వేఱొకవైపు వడ్రంగము, టైపు, మోటారు మరమ్మతు, వంట, కుట్టుపని. ప్రధానోపాధ్యాయుడొక్కడే, గంట యొక్కటే, ఆటస్థల మొక్కటే, కడపట చేతికి వచ్చు పట్టాయు ఒక్కటే.

ఇది యూరక సిద్ధించినది కాదు. 1913లో ఇల్లినాయి రాష్ట్రమున, వృత్తివిద్యకు ప్రత్యేకముగా బడులును, వానిపై ప్రత్యేకముగా పాలకవర్గమును ఉండవలెనని వర్తకప్రముఖులు పట్టుబట్టిరి. జాన్ డ్యూయీ అను విద్యాతత్త్వవేత్త దానిని గట్టిగా ప్రతిఘటించెను. చిన్ననాటనే పిల్లలను రెండు గుంపులుగా చీల్చినచో పెద్దయిన పిమ్మట దేశమే రెండుగా చీలునని ఆయన వాదము. ఆ బిల్లు నెగ్గలేదు. 1917లో స్మిత్-హ్యూస్ చట్టము వచ్చి వ్యవసాయము, కర్మాగారపు వృత్తులు, గృహశాస్త్రము నేర్పుటకు కేంద్రప్రభుత్వ ధనము సమకూర్చెను. వ్యవసాయము చదువు విద్యార్థి ఏటికి కనీసము ఆఱు మాసములు పర్యవేక్షణలో సేద్యము చేసి చూపవలెనని అందొక నియమము. కనుక ఉపాధ్యాయుడు విద్యార్థి యింటికి పోయి, వాడు వేసిన చేనును, వ్రాసిన ఖర్చుల లెక్కను చూచి దిద్దవలసివచ్చెను. ఈ సంగతిని శ్రోతలు మనసున నుంచుకొందురు గాక. దీనితో మాకు మఱల పనియున్నది.

అంతమాత్రమున వారి యింట అంతయు సవ్యమని తలపరాదు. నల్లవారి బిడ్డలను, వలస వచ్చిన కూలీల బిడ్డలను, వారి తెలివి యెట్టిదో చూడకయే పనిశాలవైపు త్రోసిన బడులు ఆ దేశమున అనేకము. 1959లో హార్వర్డు మాజీ అధ్యక్షుడు కోనంటు ఈ ఉమ్మడి పాఠశాలను మెచ్చుకొని గ్రంథము వ్రాసెను గాని, కప్పు ఒక్కటైనను దాని క్రింద గీతలు గీయువాని చేయి పక్షపాతము చూపవచ్చును.

ఇక మనకథ. 1882లో నియమితమైన హంటరు సంఘము హైస్కూలు పై తరగతులను రెండు పాయలుగా చేయుమని సలహా నిచ్చెను: ఒకటి విశ్వవిద్యాలయమునకు, ఒకటి వర్తకాది వృత్తులకు. సలహా మంచిదే. కాని కొలువులన్నియు మొదటి పాయ చివరనే కట్టివేసి, రెండవదానిలోనికి రమ్మని పిలిచిన వచ్చు వెఱ్ఱివాడెవడు? అందుచేత రెండవ పాయ ఎండిపోయెను. ఆంగ్లప్రభుత్వమునకు గుమాస్తాలు కావలసియుండిరి, దొరికిరి.

ఈ దుస్థితికి ప్రత్యుత్తరముగా మన తెలుగువారు చేసిన యత్నము కృష్ణకు ఆవలిగట్టున, బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారలు దాని నిర్మాతలు. అచట సాహిత్య శాస్త్రములతో పాటు వడ్రంగము, కమ్మరము, నేత, చిత్రలేఖనము బోధింపబడెను. పుస్తకము పట్టిన చేయియే పనిముట్టును పట్టవలెనన్నది వారి సంకల్పము. పత్తి పంటపై పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య' యని పేరొందిన పింగళి వెంకయ్యగారు అచట అధ్యాపకులు. జెండాకు రూపము దిద్దినవానిగా ఆయనను ఎల్లరెఱుగుదురు. పత్తిగింజను చేతబట్టి పాఠము చెప్పినవానిగా ఎఱిగినవారు స్వల్పము. పిమ్మట 1921లో చీరాల-పేరాల పోరాటమునకు నాయకుడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారును కొంతకాలము అచటి ఉపాధ్యాయులే.

ఆ కళాశాలకు తగిలిన దెబ్బ యేది? దాని పట్టాకు సర్కారు గుర్తింపు లేదు. స్వాభిమానముతో చేరిన విద్యార్థి బయటికి వచ్చి కచ్చేరి మెట్లెక్కగా, ఆ కాగితము నడుగువాడు లేడు. హనుమంతరావుగారు 1922లో కన్నుమూసిరి. ఇంతటి త్యాగముచే నిలిచిన విద్యాలయమునకే గుర్తింపు లేమి యంతటి గుదిబండ యైనప్పుడు, నేడు వృత్తివిద్యకు అరకొర గుర్తింపు నిచ్చి పిల్లలు చేరుటలేదని విచారించువారి యమాయకత్వమునకు మేము నవ్వవలెనో యేడ్వవలెనో తెలియదు.

ఆ 1922లోనే గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు శారదానికేతనమును స్థాపించి బాలికలకు చదువును చేతిపనులను జతగా నేర్పించిరి. స్త్రీకి అక్షరము వచ్చినచో చాలదు, తన కాళ్లపై తాను నిలువవలెనని ఆ దంపతులు గ్రహించిరి.

1937లో గాంధీమహాత్ముడు వార్ధాలో చేతిపనిని విద్యకు కేంద్రముగా నుంచవలెననగా, జాకీర్ హుస్సేనుగారి సంఘము పాఠ్యక్రమమును రచించెను. తకిలీలు బడికి వచ్చినవి; కొన్నాళ్లకు అటకెక్కినవి. 1953లో మదరాసు రాష్ట్రమున రాజాజీగారు పూట బడి ప్రవేశపెట్టి, తక్కిన పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకొందురు గాక యనిరి. చాకలి బిడ్డ చాకలిగానే, మంగలి బిడ్డ మంగలిగానే యుండవలెనా యని జనము తిరుగబడెను. మరుసటి యేడు కామరాజుగారు దానిని రద్దుచేసిరి. జనము చేసినది న్యాయమే. పుట్టిన యిల్లు చూచి వాకిలి చూపుట విద్య కానేరదు. అయితే ఆ కోపము మనకొక చెడ్డ వాసన విడిచిపోయినది: చేతిపని యనినంతనే 'మావానిని వెనుకకు లాగుచున్నారు' అను శంక.

మొదలియారు సంఘము 1952-53లో ఏడు శాఖల బహుళార్థ పాఠశాలలను సూచింపగా, అవి ఆంధ్రమునను వెలసెను. మల్టీపర్పసు హైస్కూలు చదువును వయోధికులు నేటికిని తలచుకొందురు. 1969 ప్రాంతమున రెండేండ్ల ఇంటర్మీడియేటు వచ్చుటతో ఆ అధ్యాయము ముగిసెను. ఇపుడు ఇంటర్మీడియేటులో వృత్తివిద్యా కోర్సులున్నవి. అవి చదివినవారు పై చదువులకు మరలుటకు బ్రిడ్జి కోర్సును కలదు. దారి కాగితముమీద నున్నది. ఆ దారిని విద్యార్థికి చెప్పువారు మాత్రము అరుదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతినుండియే వృత్తిపరిచయ ముండవలెనన్నది.

ఇంతకును మన పొలముల మాట. 2021లో మిరప చేలను నల్ల తామరపురుగు ముట్టడించినది. పూవులో దాగి రసము పీల్చును; పూత రాలును; కాయ నిలువదు. రైతు ఏమి చేసెను? మందుల దుకాణమునకు పరుగెత్తెను. దుకాణదారుడిచ్చిన డబ్బా చల్లెను. తగ్గలేదని వేఱొకటి, పిమ్మట రెండు కలిపి మూడవసారి. విచక్షణ లేని పిచికారీ మిత్రకీటకములను చంపి శత్రువును బలిపించునని శాస్త్రజ్ఞులు మొత్తుకొనిరి. నీలిరంగు జిగురు అట్టలు కట్టుమనిరి. 1922నుండియున్న లాం పరిశోధనక్షేత్రము గుంటూరు ప్రక్కనే; 1945నాటి వ్యవసాయ కళాశాల బాపట్లలోనే. అయినను ఆ జ్ఞానము నాలుగు క్రోసుల దూరమునగల చేనికి చేరుటకు దుకాణము తప్ప వేఱు మార్గము లేకపోయెను. ఆ చేనుగల రైతు కుమారుడు పదవ తరగతి రసాయనశాస్త్రమున నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్నవాడే కావచ్చును. మందుడబ్బాపై ముక్కోణపు రంగునకు అర్థమేమో వానికెవరును చెప్పలేదు.

వింత యేమనగా, మందులమ్మువారికి వ్యవసాయవిస్తరణలో ఒక యేటి డిప్లమా శిక్షణ 2003నుండి యున్నది. మంచిదే, తప్పుపట్టము. కాని అమ్మువానికి పాఠశాల యేర్పడి, కొని చల్లువాని బిడ్డకు ఏర్పడకపోవుట న్యాయమా?

చీరాల, వేటపాలెములలో ఇదే కథ. పదునాలుగేండ్ల నేతబిడ్డకు పడుగు, పేకల లెక్క కరతలామలకము. అది గణితమే గదా! బడిలో దానికి సున్న మార్కులు. డిప్లమా కావలెనన్న వాడు వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థకు పోవలెను, పోవువారికి అడ్డులేదు. కాని ఊరి హైస్కూలులో ఆ విద్యకు ఒక గది, ఒక గంట లేకపోవుటచే, అది చదువు కాదని పదునాలుగేండ్ల ప్రాయముననే వాడు నేర్చుకొనుచున్నాడు.

కాబట్టి మా సూచన. హైస్కూలున వృత్తిశాఖ పెట్టినచో తప్పినవారికి కాక, అందఱికిని పెట్టవలెను. ఇంజనీరు కాదలచిన వర్తకుని కొడుకును వారమున ఒక పూట పొలమునకో మగ్గమునకో పోవలెను. ఆ మార్కులు తుదిపరీక్షలో కలియవలెను. క్రాఫ్టు ఉపాధ్యాయునికి గణితోపాధ్యాయునితో సమానమైన జీతము, సమానమైన కుర్చీ యుండవలెను. ఇందు కులముపేరు గాని, ఆడ మగ భేదము గాని చూడరాదు. కూలివాని బిడ్డకు బీజగణితమును, బ్రాహ్మణుని బిడ్డకు దంతెయు అందవలెను.

ఇందాక చెప్పిన ఆఱు మాసముల నియమమును ఇచట ప్రయోగించి చూడుడు. తొమ్మిదవ తరగతి విద్యార్థులు నలుగురు కలిసి పది సెంట్ల మిరప వేయుదురు గాక. నారుపోసిన నాటినుండి కళ్లమున కాయ ఎండువఱకు ప్రతి పైసయు పుస్తకమున వ్రాయుదురు గాక. ఏ పురుగునకు ఏ మందు, ఎన్నిసార్లు, ఏల చల్లితిమో వ్రాయుదురు గాక. తాలుకాయ విడదీసి, తేమ చూచి, టిక్కీ కట్టి గుంటూరు యార్డునకు పంపి, దొరికిన ధరతో ఖర్చును పోల్చి చూతురు గాక. ఉపాధ్యాయుడు చేనికి వచ్చి ఆ లెక్క దిద్దును. రంగు, తేమ, నాణ్యము తెలిసిన చేయి మన యూళ్లలో కొఱతలేదు. యార్డులోను శీతలగిడ్డంగులలోను కాయ తొడిమలు తీయు స్త్రీలు చేతితో తాకి తేమ చెప్పగలరు, కంటితో చూచి రకము చెప్పగలరు. వారిలో ఒకరిని వారమునకొక గంట తరగతిగదికి పిలిచి, ఆ గంటకు ఉపాధ్యాయునికిచ్చునంత ప్రతిఫలమిచ్చుటకు ఈ పట్టణపు పాఠశాలాభివృద్ధి సంఘములలో ఎన్ని సిద్ధముగా నున్నవో, ఈ సభలోని సభ్యులే రాబోవు సమావేశమున విచారింతురు గాక.