పని చెయ్యని సర్క్యూట్ ముందు కూర్చున్నప్పుడు



హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ పేరు హామ్ (అమెచ్యూర్) రేడియో మిత్రులకు దేశదేశాల్లో తెలుసు. ఆయన కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ. ఆయన రూపొందించిన బిట్‌ఎక్స్ ట్రాన్సీవర్‌లో ఖరీదైన విడిభాగాలు లేవు. కాయిల్‌కు టొరాయిడ్ దొరకని చోట కుళాయి వాషర్ మీదే తీగ చుట్టించారు. పొదుపు కన్నా గొప్ప సంగతి దాని అమరిక. అందులో క్రిస్టల్ ఫిల్టర్, ఆసిలేటర్లు వినడానికీ పంపడానికీ అవే. అంచేత స్టేషన్లు చక్కగా వినిపిస్తూ ప్రసారం మాత్రం జరగకపోతే వాటిని అనుమానించే పని లేదు. మైకు యాంప్లిఫయర్ నుంచి పవర్ ట్రాన్సిస్టర్ల దాకా, పంపడానికి మాత్రమే వాడే భాగాల్లో వెతికితే చాలు. స్క్రూడ్రైవర్ పట్టకముందే సగం సర్క్యూట్ నిర్దోషి అని తేలిపోతుంది.

కొత్తవాళ్లు చాలామంది ఇందుకు తలకిందులుగా వెళ్తారు. శబ్దం రాకపోగానే ఐసీ పీకి కొత్తది పెడతారు, దాంతోపాటే రెండు కెపాసిటర్లు కూడా మారుస్తారు. బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు. మల్టీమీటర్‌తో మొదట చూడాల్సింది సరఫరా. అదీ బ్యాటరీ దగ్గర కాదు, ఐసీ కాలి దగ్గర. పనిచేస్తున్న సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ల మధ్య 0.6 నుంచి 0.7 వోల్టులు ఉంటాయి. అక్కడ 3 వోల్టులు కనిపిస్తే లోపల జంక్షన్ తెగినట్టే.

ఇంకో చిక్కుంది. బీసీ547 ట్రాన్సిస్టర్ చదును ముఖం మన వైపు పెట్టుకుని, కాళ్లు కిందికి ఉంచి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904లో అదే వరస తిరగబడుతుంది. ఒకటి దొరక్క రెండోది అదే రంధ్రాల్లో అతికితే సర్క్యూట్ పూర్తిగా చచ్చిపోదు, గెయిన్ పడిపోయి నీరసంగా పనిచేస్తుంది. ఇలాంటి సగం ప్రాణమున్న దోషాన్ని పట్టుకోవడమే కష్టం.

ఇక యాంటెన్నా. దూరదర్శన్ రోజుల్లో మిద్దె మీద ఒకరు పైపు తిప్పుతుంటే కింద టీవీ ముందున్నవాళ్లు "వచ్చింది, పోయింది, ఆడే ఉంచు" అని కేకలేసేవాళ్లు. అదీ కొలతే. 2019 నుంచి యాంటెన్నాను కొలిచే నానోవీఎన్ఏ అనే చిన్న పరికరం చవగ్గా దొరుకుతోంది. ఫర్హానే ఆర్డుయినోతో నడిచే యాంటుయినో అనే ఎనలైజర్ చేశారు. పరికరం చేతికి రాగానే యాంటెన్నాకు తగిలించకూడదు. నానోవీఎన్ఏను కేబుల్ చివర ఓపెన్, షార్ట్, 50 ఓమ్‌ల లోడ్ పెట్టి కాలిబ్రేట్ చెయ్యాలి. లేకపోతే అది కేబుల్‌ను కూడా కలిపి కొలుస్తుంది.

ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో) 2 అంటే పంపిన శక్తిలో సుమారు 11 శాతం వెనక్కి వస్తున్నట్టు. మంచి అంకె కనిపించినంత మాత్రాన సంతోషపడకూడదు. 3 డెసిబెల్స్ నష్టమున్న పాత కేబుల్ చివర యాంటెన్నానే లేకపోయినా మీటరు 3 చూపిస్తుంది. 50 ఓమ్‌ల లోడ్ అయితే 1 చూపిస్తుంది, కానీ దాని నుంచి పక్క వీధికి కూడా మాట వెళ్లదు. కేబుల్‌ను చేత్తో పట్టుకోగానే అంకె మారితే, కేబుల్ పైతొడుగు కూడా యాంటెన్నాలో భాగమైందని అర్థం. ఫీడ్ పాయింట్ దగ్గర చోక్ వెయ్యాలి.

యాగీ యాంటెన్నా ఎటు ఎంత బలంగా పంపుతుందో కొలవాలంటే దూరం కావాలి. యాంటెన్నా పొడవు వర్గాన్ని రెండింతలు చేసి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే కనీస దూరం వస్తుంది. 435 మెగాహెర్ట్జ్‌లో 2 మీటర్ల యాగీకి అది దాదాపు 12 మీటర్లు. నేల నుంచి తిరిగొచ్చే తరంగం లెక్క తప్పిస్తుంది కాబట్టి పంపేదీ అందుకునేదీ, రెండు యాంటెన్నాలనూ వీలైనంత ఎత్తులో కట్టాలి. ఒక డైపోల్‌ను అదే చోట పెట్టి పోల్చి చూస్తే ఇంకా నమ్మకం.

ఎత్తు కావాలంటే ఉదయగిరి ప్రాంతానికి కొండ ఉంది. అక్కడి దుర్గం 3,000 అడుగులు దాటుతుంది. 145 మెగాహెర్ట్జ్‌లో ఆ ఎత్తుకు రేడియో చూపు లెక్క ప్రకారం 100 కిలోమీటర్లకు మించుతుంది, అంటే తుఫాన్లు తాకే సముద్రతీరం దాకా. విపత్తు వేళ రేడియో ఎంత ఆదుకుంటుందో ఒకసారి చూశాం. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం భారతి ప్రసాద్ నాయకత్వంలో అండమాన్‌లోనే ఉంది. అక్కడి కబుర్లను వాళ్ల హామ్ స్టేషన్ బయటి ప్రపంచానికి చేర్చింది. ప్రసారం చెయ్యాలంటే పరీక్ష రాసి కేంద్రం ఇచ్చే లైసెన్సు తీసుకోవాలి. పరీక్షకు రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులున్నాయి. ఎలక్ట్రానిక్స్ పట్టా ఉన్నవాళ్లకు అందులో అడిగే ఎలక్ట్రానిక్స్ కొత్తేమీ కాదు.