రాజ్యాంగానికి తెలిసింది రాష్ట్రమే, ప్రాంతం కాదు

(రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా నల్లగొండలో యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజ్యాంగం మీద మాట్లాడమంటే చాలామంది పీఠిక చదివి కూసుంటరు. పీఠిక మంచిదే. నేను మాత్రం ఇయ్యాల మూడు అధికరణాల ముచ్చట చెప్త. 16లో మూడో క్లాజు, 262, 3. నల్లగొండ, పాలమూరు జిల్లాల బతుకు దాదాపు అరవై ఏండ్లు ఈ మూడింటి నడుమనే నలిగింది.

రాజ్యాంగం ఎందుకు? పాలించేటోని చేతికి అధికారం ఇచ్చేది అదే, ఆ చేతికి హద్దు గీసేది అదే. చట్టసభ, సర్కారు, కోర్టు ఎవరి పని ఎంతవరకో అందుల రాసి ఉంది. కేంద్రానికి ఏది, రాష్ట్రానికి ఏది అనేది ఏడో షెడ్యూల్ జాబితాల్లో ఉంది. పార్లమెంటు సవరణలు చేయొచ్చు గానీ మౌలిక స్వరూపాన్ని చెడగొట్టొద్దని 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడుగురు జడ్జీలు ఒక దిక్కు, ఆరుగురు ఇంకో దిక్కు. ఇదంతా మీరు పోటీ పరీక్షలకు చదివిందే.

ఓటు మనకు మొదట్లోనే వచ్చింది. 1952లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డిని నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపిన్రు. మరి ఓటుండి కూడా నౌకర్లు ఎందుకు పోయినయ్? నీళ్లు ఎందుకు రాలే?

ముందు నౌకర్ల సంగతి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం అయింది. సంతకాలు చేసినోళ్లలో మన పాలమూరు జిల్లా బూర్గుల రామకృష్ణారావు ఉన్నరు. స్థానికులకు ఉద్యోగ రక్షణ అని రాసుకున్నరు. ఆ కాయితం రాజ్యాంగంల లేదు. 1957లో పార్లమెంటు 16(3) కింద నివాస నిబంధనల చట్టం చేసింది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టంలో తెలంగాణకు రక్షణ ఇచ్చే సెక్షన్‌ను కొట్టేసింది. కారణం జర జాగ్రత్తగా వినండి. నివాసం షరతు పెడితే రాష్ట్రం మొత్తానికి పెట్టాలె, రాష్ట్రంలో ఒక ముక్కకు పెట్టరాదు. జడ్జీలను తిట్టి లాభం లేదు. హైదరాబాద్ రాష్ట్రంగా ఉన్న మనం 1956 నవంబరు 1న ఇంకో రాష్ట్రంలో ముక్కైనం, రక్షణ ఆనాడే చేజారింది. తర్వాత 371-డి, రాష్ట్రపతి ఉత్తర్వులు, 610 జీవో. ఆ కథ మీకు కొత్త కాదు.

నీళ్ల సంగతి ఇంకా చేదు. రాష్ట్రాల మధ్య నదుల తగాదా తీర్చడానికి పార్లమెంటు చట్టం చేయొచ్చని 262వ అధికరణం చెప్తది. ఆ కింద 1956లో చట్టం వచ్చింది. దాని ప్రకారం ఫిర్యాదు చేసే హక్కు రాష్ట్ర ప్రభుత్వానిదే, జిల్లాకు లేదు. 1969లో బచావత్ ట్రిబ్యునల్ కూసుంటే దాని ముందు వాదించుకున్నవి రాష్ట్రాలు. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేదే పాలమూరులో. అయినా పాలమూరు గోడు పాలమూరు నోటితో చెప్పుకునే వీలు లేదు. హైదరాబాద్ రాష్ట్రం ముక్కలు కాకుంటే ఈ ప్రాంతానికి సాగునీటి అవకాశం మెరుగ్గా ఉండేదని ట్రిబ్యునలే తన నివేదికలో ఒప్పుకుంది. జూరాలకు 17.84 టీఎంసీలు ఇచ్చింది. మన వాదన మన సర్కారు కన్నా ట్రిబ్యునల్‌కే ఎక్కువ అర్థమైనట్టుంది!

మరి దారేది? 3వ అధికరణం. కొత్త రాష్ట్రం చేసే అధికారం పార్లమెంటుది, మామూలు మెజారిటీ చాలు. రాష్ట్ర శాసనసభను అడగాలె, కానీ అడిగేది అభిప్రాయమే, సమ్మతి కాదు. 1956 పునర్విభజన మీద వచ్చిన బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఉమ్మడి శాసనసభలో 294 సీట్లుంటే మనవి 119. సమ్మతి కావాలె అని రాసి ఉంటే మనం ఎన్ని తరాలు కొట్లాడినా అక్కడనే ఆగిపోయేటోళ్లం. 2014 జనవరి 30న శాసనసభ మూజువాణి ఓటుతో బిల్లును తిప్పికొట్టింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించినయ్. పెద్దమనుషుల ఒప్పందం జరిగిందీ ఫిబ్రవరి 20నే. తేదీ కలిసిందంతే, దానికి మహత్యం అంటగట్టను.

ఇంకో దిక్కు కూడా చూడాలె. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌కు కలిపింది కూడా ఈ 3వ అధికరణం అధికారంతోనే. మన అభ్యంతరం నిలువలే.

రాష్ట్రమైనంక 1956 చట్టం కింద తెలంగాణ తన పేరు మీదనే ఫిర్యాదు చేసింది. 2023 అక్టోబరులో కేంద్రం రెండు రాష్ట్రాల కృష్ణా వాటా తేల్చే పని బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పజెప్పింది. ఆ తగాదా ఢిల్లీలో. రాష్ట్రం లోపటి పంపకం మాత్రం రాష్ట్ర జాబితాలో 17వ అంశం, అది మన శాసనసభది. పాలమూరు గుట్టల కింది నుంచి నల్లగొండ ఫ్లోరైడ్ ఊర్లకు నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దిక్కు కప్పు కూలి ఎనిమిది మంది లోపట చిక్కుకున్నరు. బతుకుదెరువుకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులూ అందుల ఉన్నరు. ఈ సొరంగం లెక్క అడగడానికి ఢిల్లీ బండి ఎక్కే పనిలేదు. మీ ఎమ్మెల్యే ఊర్లకు వచ్చిన్నాడు అడగండి.