స్పేస్ టూరిజం: 'ఐ అగ్రీ' నొక్కేవాళ్ళకి నిజంగా ఏం తెలుసు?



2024 మే 19. విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర గారు బ్లూ ఆరిజిన్ కంపెనీ న్యూ షెపర్డ్ రాకెట్‌లో అంతరిక్షం అంచు దాకా వెళ్ళొచ్చారు. మనవాళ్ళందరికీ గర్వంగా అనిపించింది. కానీ ఆ ఫ్లైట్‌లో ఇంకోటి కూడా జరిగింది. దిగేటప్పుడు క్యాప్సూల్‌కి ఉన్న మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా తెరుచుకోలేదు. రెండింటితో కూడా సేఫ్‌గా దిగేలా డిజైన్ చేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఇలాంటి టాపిక్ ఎత్తగానే చాలామంది అనే మాట ఒకటుంది: "డబ్బు వాళ్ళది, ప్రాణం వాళ్ళది, మధ్యలో మనకేంటి?" వినడానికి కరెక్టే. కానీ ఈ మాట వెనక ఒక నమ్మకం ఉంది. వెళ్ళేవాళ్ళకి రిస్క్ ఎంతో తెలుసు, తెలిసే వెళ్తున్నారు అని. నిజంగా తెలుసా? ఈ రోజు అదే చూద్దాం.

మీరు విమానం ఎక్కితే ఆ విమానం సేఫ్ అని ప్రభుత్వం సర్టిఫికెట్ ఇచ్చి ఉంటుంది. అమెరికాలో ఆ పని చేసేది ఎఫ్‌ఏఏ. అదే ఎఫ్‌ఏఏ రాకెట్లకి కూడా లైసెన్స్ ఇస్తుంది. కానీ అక్కడ అది చూసేది కింద ఉన్న జనం, వాళ్ళ ఆస్తులు, పక్కన ఎగిరే విమానాల భద్రత. లోపల కూర్చున్న ప్యాసింజర్ భద్రతకి రూల్స్ పెట్టకుండా 2004లో చట్టం చేశారు. ఎవరైనా చనిపోతేనో, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడితేనో తప్ప ఎఫ్‌ఏఏ వేలు పెట్టడానికి వీల్లేదు. కొత్త ఇండస్ట్రీ కదా, కాస్త నేర్చుకోనివ్వండి అన్నది దీని వెనక ఆలోచన. ఆ గడువుని పొడిగిస్తూ పొడిగిస్తూ 2028 జనవరి 1 దాకా తీసుకొచ్చారు.

మరి ప్యాసింజర్ ఏం చేస్తాడు? ఒక ఫారం మీద సంతకం పెడతాడు. "ఈ వాహనం సేఫ్ అని ప్రభుత్వం సర్టిఫై చేయలేదు, ప్రాణం పోవచ్చు, నాకు తెలుసు." అంతే. మనం యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఐ అగ్రీ' నొక్కుతాం చూడండి, అలాంటిదే. కాకపోతే ఇక్కడ పోయేది డేటా కాదు, ప్రాణం.

"అంతకుముందు ఫ్లైట్లు బాగానే వెళ్ళాయిగా, అది చూసి నమ్మొచ్చుగా" అంటారా? ఇక్కడ చిన్న లెక్క చెప్తా. ఒక రాకెట్ వరుసగా 30 సార్లు సక్సెస్ అయిందనుకోండి. స్టాటిస్టిక్స్ ప్రకారం, ఒక్కో ఫ్లైట్‌కి ప్రమాదం జరిగే అవకాశం దాదాపు 10 శాతం దాకా ఉండొచ్చు, ఆ 30 ఫ్లైట్లు చూసి కాదనలేం. స్పేస్ షటిల్ 24 సార్లు వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చింది. 25వ ఫ్లైట్ ఛాలెంజర్. 1986 జనవరి 28న ఏడుగురూ చనిపోయారు. దాని మీద విచారణ చేసినవాళ్ళలో ఒకరైన ఫైన్‌మన్ ఒక విషయం బయటపెట్టారు. షటిల్ ఫెయిలయ్యే అవకాశం మేనేజ్‌మెంట్ లెక్కలో లక్షలో ఒకటి, కింద పనిచేసే ఇంజనీర్ల లెక్కలో వందలో ఒకటి. నాసా లోపలే ఇంత తేడా ఉంటే, టికెట్ కొన్న మనిషికి ఏ నంబర్ చెప్పి సంతకం పెట్టిస్తారు?

ఇంకో ఉదాహరణ. 2014 అక్టోబర్ 31, మొహావీ ఎడారి. వర్జిన్ గెలాక్టిక్ కోసం స్కేల్డ్ కాంపోజిట్స్ తయారుచేసిన వీఎస్‌ఎస్ ఎంటర్‌ప్రైజ్ టెస్ట్ ఫ్లైట్. తిరిగి కిందికి వచ్చేటప్పుడు స్పీడ్ తగ్గించడానికి దాని తోక పైకి మడుచుకుంటుంది. ఆ తోక లాక్‌ని శబ్ద వేగానికి 1.4 రెట్లు చేరాక తియ్యాలి. కో-పైలట్ మైఖేల్ ఆల్స్‌బరీ 0.8 దగ్గరే తీసేశారు. తోక దానంతటదే లేచిపోయింది, వాహనం గాల్లోనే ముక్కలైంది. ఆయన చనిపోయారు, పైలట్ గాయాలతో బతికారు. విచారణలో తేలింది ఏంటంటే, ఒక మనిషి ఒక్క పొరపాటు చేస్తే ఏంటి పరిస్థితి అని తయారుచేసినవాళ్ళు ఆలోచించలేదు. నేను చేసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో డేటా డిలీట్ చెయ్యాలంటే "ఆర్ యూ ష్యూర్?" అని అడిగేది. అక్కడ ప్రాణాలు తీసే లివర్‌కి ఆ పాటి అడ్డు కూడా లేదు. ఇలాంటి లోపం ఏ ప్యాసింజర్‌కి కనపడుతుంది చెప్పండి?

హమీష్ హార్డింగ్ అనే బ్రిటిష్ వ్యాపారవేత్త 2022 జూన్‌లో న్యూ షెపర్డ్‌లో వెళ్ళి క్షేమంగా వచ్చారు. దాదాపు ఏడాదికి, 2023 జూన్ 18న, టైటానిక్ శిథిలాలు చూడటానికి టైటన్ సబ్‌మెర్సిబుల్ ఎక్కారు. దానికీ ఏ సంస్థ సర్టిఫికెట్టూ లేదు. లోపలున్న ఐదుగురూ చనిపోయారు. డబ్బుకి, అనుభవానికి ఆయనకి లోటు లేదు. కానీ ఆ గొట్టం నీటి ఒత్తిడిని ఎన్నిసార్లు తట్టుకుంటుందో డబ్బు పెట్టి తెలుసుకోలేం. దాన్ని బయటివాళ్ళు ఎవరో టెస్ట్ చేసి చెప్పాలి.

మరి బ్యాన్ చెయ్యాలా? అక్కర్లేదు. 2022 సెప్టెంబర్ 12న మనుషులు లేని న్యూ షెపర్డ్ ఫ్లైట్‌లో ఇంజిన్ నాజిల్ ఫెయిలైంది. క్యాప్సూల్ తప్పించుకుని సేఫ్‌గా దిగింది. ఎఫ్‌ఏఏ 21 మార్పులు చెయ్యమంది. 2023 డిసెంబర్ దాకా ఆ రాకెట్ మళ్ళీ ఎగరలేదు. అంటే బయటి కన్ను పడితే పని జరుగుతుంది. ఆ కన్ను ప్రమాదం తర్వాత కాకుండా ముందే ఉండాలి, ఇంజనీర్ల రిస్క్ లెక్క ప్యాసింజర్ చేతికి రావాలి. నేను అడిగేది అంతే.

ఈ రోజు ఆ సీటు కోటీశ్వరులది. రేట్లు తగ్గితే రేపు అక్కడ మన ఫ్రెండో, కజినో కూర్చోవచ్చు. ఈ రూల్స్ రాయాల్సింది ఆ రోజు కాదు, ఇప్పుడే.

మరి మీకు ఫ్రీగా సీటిస్తే ఆ ఫారం మీద సంతకం పెడతారా? పెట్టే ముందు ఏం అడుగుతారు? కామెంట్స్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!