బ్రెటన్ చదవాలె, ఫ్రెంచీ చదవాలె

(భాషా విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

ఫ్రాన్స్ దేశం పడమటి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల ఒకటి ఉన్నది. దాని పేరు బ్రిటనీ. అక్కడి జనం భాష బ్రెటన్. అది ఫ్రెంచికి యాస కాదు. ఫ్రెంచి లాటిన్ బిడ్డ. బ్రెటన్ కెల్టిక్ కుటుంబానిది. వేల్స్ ప్రజల వెల్ష్‌కు దగ్గరి చుట్టం, ఐరిష్‌కు దూరపు చుట్టం. రెన్, బ్రెస్ట్ నగరాల విశ్వవిద్యాలయాల్లో ఈ భాషను పెద్ద చదువుగా చదువుకోవచ్చు. ఫ్రెంచితో పాటు ఇది కూడా ఎందుకు, దీనితో కడుపు నిండుతదా అని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు. ఆ ప్రశ్నకే నా జవాబు.

మొదటి సంగతి. ఈ రెండు భాషలను విడదీసి చదివితే రెండూ సగమే అర్థమైతయి. నాగలికి, బాటకు ఫ్రెంచివాళ్లు వాడే మాటలు లాటిన్ రాకముందు ఆ నేల మీద బతికిన గాల్ జనం కెల్టిక్ భాష నుంచి వచ్చినవే. ఫ్రెంచిలో ఎనభై అనాలంటే 'నాలుగు ఇరవైలు' అంటారు. బ్రెటన్‌లోనూ అంతే. 12వ శతాబ్దంలో క్రెతియె ద త్రువా ఫ్రెంచిలో రాసిన ఆర్థర్ రాజు కథల వెనుక కెల్టిక్ గాథలున్నాయి. మరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి తన కథలు బ్రెటన్లు పాడుకున్నవేనని తానే చెప్పుకున్నది. 1499లో ట్రెగియర్ పట్టణంలో అచ్చయిన 'కథోలికోన్' బ్రెటన్, ఫ్రెంచి, లాటిన్ భాషల నిఘంటువు. బ్రెటన్‌కు అదే తొలి నిఘంటువు, ఫ్రెంచికీ అదే తొలిదంటారు. అంటే పెద్ద భాష చిన్న భాష పక్కన కూసొనే అక్షరాలు దిద్దుకున్నది!

తెలుగువాళ్లకు ఇంకో ముచ్చట. బ్రెటన్‌లో 'తాద్' అంటే తండ్రి. నీ తండ్రి అనాలంటే 'ద దాద్'. 'కీ' అంటే కుక్క, నీ కుక్క 'ద గీ'. మాట మొదటి అక్షరమే మారుతది. ఫ్రెంచి పిల్లలు ఇక్కడే తికమకపడతారు. మనకేం వింత? ఇందాక నేను అన్నదమ్ములన్నాను, అన్నతమ్ములనలేదు. కూరకాయ అనం, కూరగాయ అంటాం. మన గసడదవాదేశానికి దగ్గరి పోలికే అది.

ఇక రెండో సంగతి, అసలు సంగతి. 1882లో పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో కెల్టిక్ భాషలకు ఆచార్య పీఠం పెట్టారు. అదే ఏడాది జూల్ ఫెరీ చట్టం బడి చదువును నిర్బంధం చేసింది. ఆ బడి ఫ్రెంచి బడి. ఆ కాలపు బడుల్లో బ్రెటన్ మాట్లాడుతూ దొరికిన పిల్లవాడి మెడలో చెక్క చెప్పో, ఇంకో వస్తువో వేలాడదీసేవాళ్లు. దాన్ని 'ఆవు' అని కూడా పిలిచేవాళ్లు. అది వదిలించుకోవాలంటే వాడు బ్రెటన్ మాట్లాడే ఇంకో తోటి పిల్లవాడిని పట్టియ్యాలె. రాజధానిలో పాత కెల్టిక్ గ్రంథాలకు గౌరవం, ఊళ్లో బతికున్న భాషకు అవమానం! ఇంతకన్న కపటం ఉంటదా?

ఫలితం చూడండి. 20వ శతాబ్దం మొదట్లో బ్రెటన్ మాట్లాడేవాళ్లు పది లక్షల పైచిలుకు. 2024 సర్వేలో తేలింది సుమారు 1,07,000. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు.

అయినా జనం ఊరుకోలేదు. 1977లో తల్లిదండ్రులే 'దివాన్' బడులు పెట్టుకున్నారు. దివాన్ అంటే మొలక. అక్కడ చదువంతా బ్రెటన్‌లోనే మొదలైతది. బడి పెడితే సరిపోదు, పంతుళ్లు కావాలె. 1981లో రెన్‌లో బ్రెటన్ డిగ్రీ వచ్చింది, 1985లో హైస్కూలు టీచర్ల పోటీ పరీక్ష వచ్చింది. ఆ పరీక్ష రాసేవాళ్లు బ్రెటన్‌తో పాటు ఇంకో సబ్జెక్టు కూడా చెప్పగలగాలె. ఆ రెండోది ఫ్రెంచి కావచ్చు. జంట చదువుకు విలువ అక్కడ తెలుస్తది. కడుపు నిండుతదా అన్నవాళ్లకు జవాబూ అదే.

కానీ పోరాటం అయిపోలేదు. 2021లో ప్రాంతీయ భాషల రక్షణకు పార్లమెంటు చట్టం చేస్తే, సర్కారు బడుల్లో పూర్తిగా ఆ భాషలోనే చదువు చెప్పడం చెల్లదని రాజ్యాంగ మండలి కొట్టేసింది. గణతంత్రం భాష ఫ్రెంచి అని 1992లో చేర్చిన వాక్యమే దానికి ఆధారం. గ్వింగాంప్ పట్టణంలో వేలమంది రోడ్డెక్కారు.

మిత్రులారా! ఫ్రెంచిని తిట్టి బ్రెటన్‌ను బతికించలేరు. ఫ్రెంచి వాళ్లకు కూడా సొంతమే. బ్రెటన్‌ను విశ్వవిద్యాలయంలో మాత్రమే ఉంచి కూడా బతికించలేరు. అవ్వ మాట్లాడిన బ్రెటన్ వేరు, డిగ్రీ పిల్లల బ్రెటన్ వేరు అనే మాట అక్కడ ఇప్పటికే వినిపిస్తున్నది. అందుకే ఆ పిల్లలు పుస్తకం మూసి అవ్వ దగ్గర కూసోవాలె, ఆమె పలుకు వినాలె. అవ్వ ఉన్నప్పుడే ఆ పని జరగాలె. తర్వాత ఏ పీఠమూ ఆ పలుకు తెచ్చియ్యలేదు.

సెలవు.