బండి ఎత్తు లెక్క గేటు లోపలే తేలాలి
(రాజపాళయం మిల్లు కార్మికుల సభలో సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించీ పనిభారం గురించీ మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు గేటు దాటి వెళ్ళే బండి గురించి మాట్లాడుకుందాం. మనం వడికిన నూలును లారీకి ఎక్కించేది మన లోడింగ్ సోదరులు. తోలేది డ్రైవరు, వెంట పోయేది క్లీనరు. వీళ్ళ ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఒకటుంది. అదే బండి ఎత్తు.

లోడు సరిగ్గా ఉందా అని అడిగితే వేబ్రిడ్జి చీటీ చూపిస్తారు. అది బరువు చెబుతుంది, ఎత్తు చెప్పదు. మన సరుకు ఇనుమూ సిమెంటూ కాదు. దూది, నూలు, ఛత్రపట్టిలో నేసే బ్యాండేజీ గుడ్డ, ఇవన్నీ తేలిక సరుకులు. బరువు హద్దు చేరకముందే బండి నిండిపోతుంది. అందుకే పైకి, ఇంకా పైకి పేరుస్తారు. ఆ పైన టార్పాలిన్, తాళ్ళు.

కంటైనర్ల సంగతి చూడండి. తూత్తుకుడి రేవుకు వెళ్ళే కంటైనరు మామూలుదైతే ఎత్తు 8 అడుగుల 6 అంగుళాలు. హైక్యూబ్ అనేదైతే 9 అడుగుల 6 అంగుళాలు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. ట్రైలరు ఎత్తు 5 అడుగులనుకుంటే ఒకటి నేల నుంచి పదమూడున్నర అడుగులు, ఇంకొకటి పద్నాలుగున్నర. నిన్న దాటిన వంతెన కింద ఈ రోజు ఇరుక్కుపోవడానికి ఆ ఒక్క అడుగు చాలు.

మన ఊరి పక్కనే విరుదునగర్ - తెన్‌కాశి రైలు మార్గం ఉంది. దాన్ని దాటకుండా మన బండ్లకు చాలా వైపులకు దారి లేదు. దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేని లెవెల్ క్రాసింగులను 2019 జనవరి నాటికి ఎత్తేశారు. మంచి పనే, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ చాలాచోట్ల వాటికి బదులు పట్టాల కింద నుంచి దారులు తవ్వారు. వాటికి రైల్వేవారు పెట్టిన పేరే 'పరిమిత ఎత్తు సబ్‌వే'. హద్దు పేరులోనే ఉంది. గేటు ఉన్నచోట మరో ప్రమాదం. పైన కరెంటు తీగలో 25,000 వోల్టులు పారుతుంటాయి. దాన్ని తాకనక్కరలేదు, 2 మీటర్ల దగ్గరికి పోయినా ముప్పే. ముందు కట్టిన ఎత్తు కమ్మీ అందుకే. లోడు మీదికెక్కి తాళ్ళు సర్దే క్లీనరు తమ్ముళ్ళు ఈ మాట మరువకూడదు.

ఫోనులో మ్యాపు ఉంది కదా అంటారు. మనం వాడే మ్యాపు మీ బండి ఎత్తెంత అని అడగదు. కారుకూ లారీకీ ఒకే దారి చూపిస్తుంది. 2010 సెప్టెంబరు 11న అమెరికాలోని సిరక్యూస్ దగ్గర 13 అడుగుల ఎత్తున్న రెండంతస్తుల బస్సు 10 అడుగుల 9 అంగుళాల రైలు వంతెనను గుద్దింది. నలుగురు ప్రయాణికులు చనిపోయారు. దారి తప్పిన డ్రైవరు తన జీపీఎస్ చూసుకుంటూ వెళ్తున్నాడు. హెచ్చరిక బోర్డులు ఉన్నాయి, కానీ దారి వెతుక్కునే మనిషి కంటికి అవి ఆనలేదు. డ్రైవరు మీద కేసు పెట్టారు, 2012లో కోర్టు నిర్దోషి అంది. పోయిన నలుగురూ తిరిగి రాలేదు. దారి వెతుక్కోవడం స్టీరింగు పట్టాక చేసే పని కాదు, బండి కదలక ముందే ముగించాల్సిన పని.

వంతెన మీద రాసిన అంకెనూ గుడ్డిగా నమ్మలేం. రోడ్డు మీద మళ్ళీ తారు పోస్తే నేల పెరుగుతుంది, బోర్డు మీది అంకె పాతదే ఉంటుంది. లోడుతో నడిచే లారీకి స్ప్రింగులు అణిగి ఉంటాయి, ఖాళీ అయితే లేస్తాయి. కాబట్టి వెళ్ళేటప్పుడు దాటిన బండి వచ్చేటప్పుడు తగలవచ్చు. వంతెన కింద పల్లం ఉంటే పొడవాటి ట్రైలరు ముందు చక్రాలు ఎదుటి గట్టెక్కేసరికి నడిమి భాగం పైకి వస్తుంది. పండుగలకూ సభలకూ కట్టే ఆర్చీలు నిన్న లేనివి నేడు ఉంటాయి.

ఇది లారీవాళ్ళ గొడవ అని మన అక్కచెల్లెళ్ళు అనుకోవద్దు. షిఫ్టుకు తీసుకొచ్చే మిల్లు బస్సు కూడా ఈ సబ్‌వేల గుండా రావచ్చు. 2022 జులైలో మహబూబ్‌నగర్ దగ్గర రైలు వంతెన కింద వాననీటిలో స్కూలు బస్సు చిక్కుకుంటే ఊరివాళ్ళు వచ్చి పిల్లలను బయటికి తీశారు. వానాకాలానికి వేరే దారి ముందే రాసి ఉండాలి.

ఇక అసలు మాట. నష్టం ఎవరు మోయాలి? ఒక మిల్లులో ఏం జరిగిందో మేము చూశాం. లోడు వంతెనకు తగిలి టార్పాలిన్ చిరిగింది, రెండు బేళ్ళు పడ్డాయి. డబ్బు డ్రైవరు బత్తాలో కోశారు. అంత ఎత్తు పేర్చమన్నది ఎవరు? దగ్గర దారిన పొమ్మన్నది ఎవరు? ఎవరూ అడగలేదు. చట్టం మాత్రం అడుగుతోంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం లోడు ఎత్తు హద్దు మీరితే 20,000 రూపాయల జరిమానా. 194వ సెక్షన్ బండి తోలినవాణ్ణే కాదు, తోలించినవాణ్ణీ, తోలనిచ్చినవాణ్ణీ బాధ్యుణ్ణి చేస్తుంది.

కాబట్టి మన సంఘం యాజమాన్యాల ముందు పెట్టే కోరికలు ఇవి:

1. గేటు దగ్గర ఎత్తు కొలిచే కర్రో కమ్మీయో ఉండాలి. లోడు వేసి తాళ్ళు కట్టాకే కొలవాలి.
2. ఆ ఎత్తు అడుగుల్లోనూ మీటర్లలోనూ ట్రిప్ షీటు మీద రాసి, డ్రైవరు కళ్ళెదుట క్యాబిన్‌లో అంటించాలి.
3. తెన్‌కాశి, సంకరన్‌కోవిల్, శివకాశి, మదురై వైపులకు పెద్ద బండ్లు పోదగిన దారులు రాసి పెట్టాలి. వంతెనల ఎత్తులు ఏటా, రోడ్డు వేసిన ప్రతిసారీ, మళ్ళీ కొలవాలి.
4. చుట్టు దారికయ్యే డీజిలు, సమయం డ్రైవరు లెక్కలో పడకూడదు.
5. ఎత్తు చాలదనిపిస్తే బండి ఆపే హక్కు డ్రైవరుకు ఉండాలి. ఆపినందుకు బత్తా కోయరాదు.

యాజమాన్యం ఒప్పుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఒక టేపు, ఒక నోటుబుక్కు చాలు. ఈ దారుల్లో ఏళ్ళ తరబడి తిరిగిన డ్రైవరు అన్నలకు ఏ వంతెన కింద ఏముందో తెలుసు. వాళ్ళు చెబితే సంఘం ఆఫీసులో రాసుకుంటాం. కొత్తగా వచ్చిన డ్రైవరు దాన్ని చూసుకుని బయలుదేరుతాడు.

అనుమానం వస్తే బండి ఆపండి. దిగి చూడండి. వెనక హారన్లు ఎన్ని మోగినా కంగారు పడకండి. గంట ఆలస్యమైతే సరుకుకు ఏమీ కాదు. ఆపినందుకు ఎవరైనా జీతం కోస్తే, సంఘం మీ పక్కన నిలబడుతుంది.