హక్కు కోరే ముందు లెక్క సరిచూసుకుందాం



న్యాయవాదిని గనుక రాజ్యాంగ అధికరణాలను వల్లిస్తానని మీరు భావించి ఉంటారు. 350ఏ, 350బి అధికరణాలను గురించి మీరు ఇదివరకే చాలా విన్నారు. నేను ఈరోజు కంప్యూటరులోని ఎక్సెల్ పట్టికను గురించి మాట్లాడదలచాను. భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణలలో ముఖ్యమైనవి అంకెల మీద నిలిచి ఉండటమే దీనికి కారణం. తరగతిలో 10 మందిగాని, బడి మొత్తంలో 40 మందిగాని తెలుగు పిల్లలుంటే ప్రాథమిక స్థాయిలో తెలుగు బోధన కోరవచ్చు. తాలూకా లేదా పురపాలక సంఘం జనాభాలో మనవారు 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను తెలుగులోనూ ఇమ్మని అడగవచ్చు. అర్జీలో ఒక్క అంకె తప్పితే అవతలి పక్షం దానినే పట్టుకొని తక్కిన ఒప్పులను కూడా అనుమానంలోకి నెడుతుంది.

జనగణన శాఖ మాతృభాషల వివరాలను సి-16 అనే పట్టికలో ఇస్తుంది. మన చేతిలో ఉన్న చివరి పట్టిక 2011 నాటిది. 2021లో జరగవలసిన గణన వాయిదా పడింది. తదుపరి గణనకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు. కాబట్టి ఇప్పటికి పాత పట్టికనే జాగ్రత్తగా చదవాలి.

అందులో మొదటి గోతి ఇది. తెలుగు అనే భాషావర్గం మొత్తం ఒక వరుసలో ఉంటుంది: 8,11,27,740. దాని కిందనే ఆ మొత్తంలోని భాగాలు ఉంటాయి: తెలుగు 8,09,12,459, వడరి 1,98,020, ఇతరాలు 17,261. నిలువు వరుసను పైనుండి కిందికి కూడితే దేశంలో తెలుగువారు పదహారు కోట్లు దాటిపోతారు! వినడానికి సొంపుగానే ఉంటుంది, న్యాయస్థానంలో మాత్రం నవ్వులపాలవుతాము. అదేవిధంగా రాష్ట్రం, జిల్లా, తాలూకా వరుసలు ఒకే పట్టికలో కలిసి ఉంటాయి. ముందుగా ఫిల్టర్ పెట్టి ఒక్క స్థాయినే, అందులోనూ భాషావర్గపు వరుసనే ఎంచుకొని, ఆ తరువాతనే కూడండి. తాలూకా సంకేతాలు సున్నాతో మొదలవుతాయి. ఎక్సెల్ వాటిని సంఖ్యలుగా భావించి ముందున్న సున్నాను తినేస్తుంది. అప్పుడు రెండు పట్టికలను జతపరచబోతే ఒక్క తాలూకా కూడా కలవదు. ఆ నిలువు వరుసను అక్షరాల రూపంలో, అంటే టెక్స్ట్‌గా తెరవండి.

రెండవది మరీ ప్రమాదకరమైనది. 2001కీ 2011కీ మధ్య ధర్మపురి జిల్లాలో తెలుగువారు హఠాత్తుగా తగ్గిపోయినట్లు పట్టిక చూపుతుంది. వారు ఎక్కడికీ పోలేదు. 2004లో హోసూరు, డెంకణికోట తాలూకాలతో సహా కృష్ణగిరి వేరే జిల్లా అయింది. 2001 నాటి ధర్మపురిని 2011 నాటి ధర్మపురి, కృష్ణగిరి రెండింటి మొత్తంతో పోల్చాలి. కోలారు నుండి 2007లో చిక్కబళ్ళాపురం విడిపోయింది, అక్కడా ఇదే జాగ్రత్త. బళ్ళారి నుండి 2021లో విజయనగర జిల్లా విడివడింది గనుక రాబోయే లెక్కలలో బళ్ళారివారు ఈ మాట మరువరాదు. పాత పట్టికలలో ఒరిస్సా, కొత్తవాటిలో ఒడిశా. మనిషి కంటికి రెండూ ఒకటే, యంత్రానికి మాత్రం రెండు రాష్ట్రాలు.

ఇక శాతాలు. ఒక తాలూకాలో 2,00,000 మందిలో 20,000 మంది తెలుగువారు, అంటే 10 శాతం అనుకోండి. పక్క తాలూకాలో 50,000 మందిలో 15,000 మంది, అంటే 30 శాతం. మన కార్యకర్త ఈ రెండు శాతాలనూ కూడి సగం చేసి 20 శాతమని రాస్తాడు. నిజానికి 2,50,000 మందిలో మనవారు 35,000 మంది. అది 14 శాతమే. పదిహేనుకు ఒకటి తక్కువ! శాతాల సగటు తీయకూడదు, మనుషులను కూడి మనుషులతో భాగించాలి. అట్లని నిరాశపడనక్కరలేదు. రెండవ తాలూకా ఒక్కదానికే అర్జీ పెడితే 30 శాతం నిర్వివాదంగా నిలుస్తుంది. ఏ పరిధికి అర్జీ పెట్టాలో మీ ఆవేశాన్నిబట్టి కాక, సరైన లెక్కనుబట్టి నిర్ణయించుకోండి.

మీరే ఇంటింటికీ తిరిగి సేకరించే వివరాల మాట చెబుతాను. ఒక గడిలో ఒక్క సంగతే ఉండాలి. ఇంటిలో మాట్లాడే భాష ఒక వరుస, గణకునికి చెప్పిన భాష మరొక వరుస. ఇంట తెలుగు మాట్లాడుతూ బయట కన్నడమనో తమిళమనో రాయించుకునేవారు మనలో ఎందరో తెలిసేది అక్కడే. ‘తెలుగు’ అని రాసి వెనుక ఒక ఖాళీ వదిలితే ఎక్సెల్‌కు అది వేరొక భాష. ట్రిమ్ అనే సూత్రంతో ఆ ఖాళీలను తొలగించి, పివట్ పట్టిక వేసి చూస్తే మిగిలిన అక్షరదోషాలు బయటపడతాయి. తెలియని గడిని ఖాళీగా వదలండి, సున్నా వేయకండి. సగటు తీసేటప్పుడు సున్నా లెక్కకు వస్తుంది, ఖాళీ రాదు. పేరు మళ్ళీ వచ్చిందని వెంటనే కొట్టివేయకండి. తమిళనాట తండ్రి పేరులోని తొలి అక్షరం ముందుంటుంది, మన ఇళ్ళలో ఇంటిపేరు ముందుంటుంది. ఒకే మనిషి రెండు పేర్లతో ఉండవచ్చు, ఒకే పేరుతో ఇద్దరూ ఉండవచ్చు. ఇంటి నంబరు, వయస్సు కలిపి చూసి తేల్చండి.

ఎస్.పి.ఎస్.ఎస్. వంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలా అని యువకులు అడుగుతుంటారు. ఒక తాలూకాకు అక్కరలేదు. ఐదు ప్రాంతాల పట్టికలను కలపవలసివస్తే ఉచితంగా లభించే ఆర్ నేర్చుకోండి. అందులో చేసిన ప్రతి పనీ ఆజ్ఞల రూపంలో మిగిలి ఉంటుంది గనుక మరొకరు సరిచూడగలరు. అయితే తెలుగువీధిలోనే తిరిగి సేకరించిన లెక్కను ఊరంతటి లెక్కగా మార్చే సాఫ్ట్‌వేర్ ఎక్కడా లేదు.

చివరగా నా వృత్తికి చెందిన మాట. అసలు ఫైలును ముట్టుకోకుండా వేరుగా భద్రపరచండి. దిద్దుబాట్లన్నీ నకలులోనే చేయండి. ఏ గడిని, ఎందుకు, ఎవరు మార్చారో మరొక పుటలో తేదీతో రాయండి. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ పత్రానికి ధ్రువపత్రం జతచేయాలి. దానిపై సంతకం చేయవలసినవారు ఎవరో సేకరణ ప్రారంభించే రోజుననే నిర్ణయించుకోండి.